కట్ట మీద తర్జుమా

ఈ మాట ఎవరికీ చెప్పకుండానే నేను ముసలివాణ్ణయ్యాను. పెళ్లయిన కొత్తలో నా భార్యకు చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఆమె చివరి రోజుల్లో దవాఖానలో మంచం పక్కన కూర్చున్నప్పుడు ఇంక దాచి ఏం లాభం అనుకున్నాను. అప్పుడూ నోరు రాలేదు. మోసీ మోసీ అలవాటైతే బరువు తెలియదంటారు. అది నిజం కాదు. ఒంట్లో బలం తగ్గుతున్నకొద్దీ అది ఇంకా బరువెక్కింది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను ఎవరినీ చంపలేదు. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న మాట ఇది. నేను చేసిందల్లా ఒకరి మాటను ఇంకొకరికి మార్చి చెప్పడం. అంతే కదా అనుకునేవాణ్ణి. అంతేనా?

మా ఊరు ఇబ్రహీంపట్నం నుంచి యాచారం పోయే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. పేరు రాయను. ఊరికి పైన ఒక చెరువు, దాని కట్ట కింద కూలివాళ్ల గుడిసెలు, ఆ తర్వాత పొలాలు. ఆ చెరువు సర్కారుదే అయినా నీళ్ల మీద పెత్తనం మా దొరది. ఆయన ఎక్కడో చూసి వచ్చి తూము కింద ఒక నీటిచక్రం పెట్టించాడు. తూములోంచి దూకే నీళ్లు చక్రాన్ని తిప్పితే, చక్రం బియ్యం గిర్నిని తిప్పేది. చుట్టుపక్కల ఊళ్ల వడ్లన్నీ మా ఊరికే వచ్చేవి. చెరువు నీళ్లతో గిర్ని నడుపుకోవడానికి దొరకు సర్కారు ఇచ్చిన పరవానా ఉండేది. దాన్ని కొన్నేళ్లకొకసారి కొత్త చేయించుకోవాలి. అలా చేసేముందు ఒక అధికారి వచ్చి కట్ట, తూము, అలుగు చూడాలి. చెరువు కింద బతికే జనాన్ని పిలిచి మీకేమైనా ఇబ్బంది ఉందా అని అడగాలి. కానూను మంచిదే. ఇప్పటికీ అదే అంటాను.

ఎండాకాలం నీళ్లు తగ్గితే చక్రం ఆగిపోయేది. అందుకని దొర ఒక పని చేశాడు. చెరువు నిండినప్పుడు ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు మీద బండలు పేర్పించి మట్టితో మెత్తించాడు. అలుగు ఎత్తయింది. చెరువులో నీళ్లు మునుపటికంటే పైకి నిలిచాయి. గిర్ని ఆగకుండా తిరిగింది. కట్ట మాత్రం పాతదే.

నాకు అప్పుడు ఇరవై దాటాయి. మాది దొర కింద కౌలు చేసుకునే ఇల్లు. ఇబ్రహీంపట్నం బడిలో ఉర్దూ బాగా చదివానని దొరే నన్ను తాను ఉండే గడీలో రాతకోతలకు పెట్టుకున్నాడు. పట్నంలో సర్కారు నౌకరి ఇప్పిస్తానని మాట కూడా ఇచ్చాడు. ఆ మాట పట్టుకునే నేను తిరుగుతుండేవాణ్ణి.

చెరువులు చూసే అధికారి ఇబ్రహీంపట్నంలోనే కాపురముండేవాడు. అందరూ ఆయనను చెరువుల సాహెబ్ అనేవారు. సన్నగా, కొంచెం వంగినట్టు నడిచేవాడు. ఉత్తరాది నుంచి వచ్చినవాడు, తెలుగు రాదు. ఎప్పుడూ వెంట తిరిగే, తెలుగు తెలిసిన కచ్చేరీ జవాను చలిజ్వరంతో పడుకున్నాడని ఆ రోజు తర్జుమాకు ఒక మనిషి కావలసివచ్చింది. దొర నన్ను పంపాడు.

పంపడం కాదు, తనతోపాటు కచ్చడం బండిలో ఎక్కించుకున్నాడు. మా ఇంట్లో ఎవరూ దొర పక్కన కూర్చున్నవాళ్లు లేరు. బండి కదిలాక ఆయన బయటికి చూస్తూ అన్నాడు.

"సాయెబు మందిని అడుగుతడంట. అడగనీ. మనోళ్లకు మాట్లాడ చాతగాదు, నోటికొచ్చింది అంటరు. నువ్వు జర సమజ్ జేసి చెప్పు. నీ నౌకరి సంగతి నాకు యాదికున్నది."

ఇంతే అన్నాడు. బెదిరించలేదు. అబద్ధం చెప్పమని కూడా అనలేదు. ఇన్నేళ్లలో ఈ మాటలను నేను ఎన్నోసార్లు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను, ఎక్కడైనా నన్ను బలవంతపెట్టిన అక్షరం ఒక్కటైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఆయన ఏం కోరుతున్నాడో అర్థం చేసుకున్నది నేనే. తల ఊపిందీ నేనే.

సాహెబ్ తన పని సరిగానే చేశాడు. ఇది మీకు గట్టిగా చెప్పాలి. కట్ట పొడుగునా నడిచాడు. తూము దగ్గర వంగి చూశాడు. తర్వాత దొరను గిర్ని దగ్గరే ఉండమని, జనాన్ని మాత్రం కట్ట మీదికి పిలిపించాడు. దొర ముందు వాళ్లు నోరు విప్పరని ఆయనకు తెలుసు. నన్ను పక్కకు పిలిచి, "నువ్వు దొర మనిషివా?" అని ఉర్దూలో అడిగాడు. కాదు, ఊరివాణ్ణి అన్నాను. ఆయన నమ్మాడు. ఎందుకు నమ్మాడు? నా ముఖం అలా ఉందేమో.

అందరూ నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. లచ్చమ్మ ఒక్కతే ముందుకు వచ్చింది. లచ్చమ్మ నా దోస్తు సాయిలు తల్లి; సాయిలు కూడా ఆ గుంపులోనే ఉన్నాడు. సాయిలు, నేను ఒకే ఈడువాళ్లం, ఆ చెరువులోనే ఈత నేర్చుకున్నాం. ఆకలైతే వాళ్ల గుడిసెలో కూర్చుని జొన్నరొట్టె తిన్నవాణ్ణి. సాయిలుకు పెళ్లై, భార్య బుగ్గమ్మ ఒళ్లో అప్పుడే ఒక చంటిపాప. ఆ గుడిసె కట్టకు ఆనుకున్నట్టే ఉండేది.

లచ్చమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని, సాహెబ్ ముఖంలోకి చూస్తూ మాట్లాడింది.

"సాయెబూ, దొర అలుగు మీద బండలు పేర్పిచ్చిండు. ఇది పోయినేటి పని. నీళ్లు ఎన్నడు లేనంత మీదికొస్తున్నయి. మా ఇంటెనక గోడ ఎండకాలం గూడ ఆరుతలేదు. చెయ్యి పెడితె సల్లగ తాకుతది. ఆనలు పడితె మేము ఎట్ల పండాలె? నా మనుమరాలు పసిపోరి. ఆ బండలు తీపియ్యి నాయినా."

సాహెబ్ నా వైపు చూశాడు. చేతిలో పెన్సిల్ ఉంది. ఏమంటోంది అన్నాడు.

ఆ క్షణం ఎంతసేపు? ఒక ఊపిరి పీల్చేంత. గిర్ని దగ్గర దొర గొడుగు కనిపిస్తోంది. ఆయన మా వైపు చూడను కూడా చూడటం లేదు. నేను ఉర్దూలో చెప్పాను. చెరువు బాగుందట, నీళ్లకు కొదవ లేదట, గుడిసె గోడ పాతబడింది కాబట్టి మరమ్మతుకు సర్కారు ఏమైనా సాయం చేస్తుందేమోనని అడుగుతోందట.

చూశారా, గోడ అన్న మాట వదలలేదు. పూర్తి అబద్ధం చెప్పడానికి కూడా నాకు ధైర్యం లేకపోయింది. సాహెబ్ అలుగు వైపు చేయి చూపి ఆ బండలు ఎప్పటివని అడిగాడు. అప్పటికి వాటి మీద గడ్డి మొలిచింది. పాతవే, చెరువు కట్టిన నాటివే అన్నాను. ఆయన రాసుకున్నాడు. గోడల సంగతి తన చేతిలో లేదని, తహసీలు కచ్చేరీలో చెప్పి చూస్తానని లచ్చమ్మతో చెప్పమన్నాడు.

"సాయెబు చూస్తనంటుండు, పెద్దమ్మా" అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. నా గడ్డం పట్టుకుంది. "నువ్వున్నవ్ గాబట్టి నోరిప్పిన బిడ్డా. లేకుంటె నాతోని అయ్యేదా? నీ నోరు సల్లగుండ" అంది.

పరవానా కొత్తదైంది. ఆ సంవత్సరం వానలు ఆగకుండా పడ్డాయి. నాట్లకాలం. ఒకరోజు పొద్దున, ముసురులోనే, కట్ట తెగింది. నేను గడీలో ఉన్నాను. మొదట ఆ చప్పుడు ఏమిటో తెలియలేదు. బండ్లు వరుసగా పోతున్నట్టు వినిపించింది. బయటికి వచ్చేసరికి కట్ట కింద గుడిసెలు లేవు. ఎర్రనీళ్లు, వాటి మీద తాటాకులు.

సాయిలు, బుగ్గమ్మ నాటు వేయడానికి దూరంగా మెరక పొలానికి పోయి ఉన్నారు. పాపను లచ్చమ్మ దగ్గర విడిచిపోయారు. నీళ్లు తగ్గాక లచ్చమ్మ పొలాల అవతల తుమ్మపొదకు చిక్కుకుని దొరికింది. పాప ఆమె కొంగులోనే ఉంది. కొంగును నడుముకు బిగించి ముడి వేసుకుంది ముసలామె. ఆ ముడి విప్పింది సాయిలు. పక్కనే నిలబడి ఉన్నాను నేను. ఇంకా కొందరు పోయారు. వాళ్ల పేర్లు నాకు తెలుసు. అందరివీ తెలుసు.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఆ పొద దగ్గర సాయిలు నన్ను పట్టుకుని ఏడుస్తూ అన్న మాట ఇది: "మా అమ్మ జెప్పింది గదరా. మొకం మీద జెప్పింది. ఇని గూడ వాడు ఇడిసిపెట్టిండు." వాడు అంటే సాహెబ్. సాయిలు వీపు మీద చేయి వేసి నిమిరాను. ఆ చేయి నాదే.

ఊరంతా అదే మాట పట్టుకుంది. సాహెబ్ దొర పెట్టింది తిని కళ్లు మూసుకున్నాడన్నారు. తెగిన కట్ట చూడటానికి ఆయన వచ్చినప్పుడు ఎవరూ ఆయనతో నోరు విప్పలేదట. ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారట. అట అంటున్నాను, ఎందుకంటే నేను అప్పుడు ఊళ్లో లేను. ఆయన వస్తున్నాడని తెలిసి యాచారంలో చుట్టాలింటికి పోయి జ్వరమని పడుకున్నాను.

ఆ తర్వాతి ఏడాది ఎలా గడిచిందో ఆ కాలం మనుషులకు చెప్పక్కర్లేదు. ఒక పక్క దొరల మీద తిరగబడ్డ సంఘం. ఒక పక్క నిజాం వైపు రజాకార్లు. సాయిలు సంఘంలో కలిశాడు. సంఘంవాళ్లు వచ్చి గిర్ని చక్రాన్ని విరగ్గొట్టారు, అలుగు మీద మిగిలిన బండలు లాగి పారేశారు. దొర పట్నం పారిపోయాడు. నేను ఇబ్రహీంపట్నం వచ్చి ఒక దుకాణంలో చిట్టీలు రాస్తూ బతికాను. సాహెబ్ ఇల్లు రెండు వీధుల అవతల. ఆయన ఎదురుపడితే సలాం చేసేవాణ్ణి. ఆయన ఆగి, "బాగున్నావా బేటా?" అనేవాడు. కట్ట మాట ఎత్తేవాడు కాదు. ఆ తెగిన కట్ట ఆయనను తినేస్తోందని ముఖం చూస్తే తెలిసేది. తన కంటికి ఏది కనబడకుండా పోయిందో ఆయనకు అంతుపట్టలేదు.

పోలీసు చర్య వచ్చింది. బెజవాడ రోడ్డున పెద్ద అంబర్‌పేట మీదుగా మిలిటరీ లారీలు పోయాయన్నారు. నిజాం లొంగిపోయాడన్నారు. జనం వీధుల్లోకి వచ్చారు. రజాకార్ల మీద పగ ఉన్నవాళ్లున్నారు. ఆ పగ వాళ్ల దగ్గరే ఆగలేదు. ఏ పాపమూ ఎరగని ముసల్మాను ఇళ్లకు కూడా పోయింది. దాన్ని మనం ఎక్కువ మాట్లాడుకోం. నేను చూశాను.

ఒక మధ్యాహ్నం సాయిలు కొంతమందితో దుకాణం ముందుకు వచ్చాడు. చేతిలో కర్ర. "రారా, నీకు వాని మాట ఒస్తది" అన్నాడు. రానని ఎందుకు అనలేదు? అనలేకపోయాను. వాళ్ల వెంట నడిచాను.

సాహెబ్ తలుపు బయటే నిలబడ్డాడు. ఒక చేయి వాకిలికి అడ్డంగా పెట్టాడు. లోపల ఆడవాళ్లున్నారు. నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగింది. ఇదీ నేను మరిచిపోలేనిది. నన్ను చూసి ఆయనకు ధైర్యం వచ్చింది.

సాయిలు అడిగాడు. "మా అమ్మ నీకు జెప్పలేదా? కట్ట మీద నిలవడి, బండలు తీపియ్యుమని జెప్పలేదా? అడుగురా వాణ్ణి."

ఈ ప్రశ్నను మాత్రం ఉన్నదున్నట్టు ఉర్దూలో చెప్పాను. సాహెబ్ కళ్లు పెద్దవయ్యాయి.

"కిసీనే నహీ కహా, బేటా" అన్నాడు. "ఎవరూ చెప్పలేదు. నేను అడిగాను. నీ ఎదుటే అడిగాను కదా. నువ్వే సాక్షివి. వీళ్లకు చెప్పు."

అప్పటికీ ఆయనకు నా మీద అనుమానం లేదు. తనను కాపాడగలిగిన మనిషి నేనొక్కణ్ణే అనుకుంటున్నాడు. నిజమే. నేనొక్కణ్ణే.

"ఏమంటుండు?" అన్నాడు సాయిలు.

అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. ఆయన చెప్పింది చెబితే తర్వాతి ప్రశ్న నాకే వస్తుంది. ఆ కర్ర నా వైపు తిరుగుతుంది. ఇదంతా ఆలోచించానా? లేదు, ఆలోచనకు సమయం ఎక్కడిది? కానీ నాలుకకు తెలిసింది.

"తప్పయిందంటుండు" అన్నాను. "ఇడిసిపెట్టుమంటుండు."

క్షమాపణ అడిగాడంటే వదిలేస్తారని, ఆయనను కాపాడటానికే అలా అన్నానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. అందులో రవ్వంత నిజం ఉండవచ్చు. ఉంటే ఏం? సాయిలు ముఖం రాయిలా అయింది. "తప్పయిందా?" అన్నాడు మెల్లగా. అప్పుడు కొట్టాడు. సాహెబ్ కింద పడ్డాడు. పడుతూ నా వైపు చూశాడు. ఆయనకు తెలుగు రాదు. అయినా నేను చెప్పింది తన మాట కాదని ఆయన గ్రహించాడు, ఆ చూపులోనే తెలిసింది. మెడ ఎత్తి నన్ను చూస్తూనే ఉన్నాడు, దెబ్బలు పడుతున్నా.

లోపలికి ఉరకబోయినవాళ్లను సాయిలే అడ్డుకున్నాడు. ఆడవాళ్ల జోలికి పోవద్దని కర్ర అడ్డం పెట్టాడు. ఇంటి సామాను వీధిలోకి వచ్చింది, మంట పెట్టారు. మర్నాడు పొద్దున సాహెబ్ కుటుంబం ఎడ్లబండిలో పట్నం దారి పట్టింది. ఆయనను గడ్డి మీద పడుకోబెట్టి, తల కింద మూట పెట్టారు. నేను దుకాణం తలుపు సందులోంచి చూశాను. ఆ చలికాలంలోనే పట్నంలో చనిపోయాడని ఆయన పాత జవాను చెప్పగా విన్నాను. దెబ్బలు మానలేదట.

దొర తిరిగొచ్చాడు. ఈసారి తెల్లటోపీ పెట్టుకుని వచ్చాడు. కట్ట మళ్లీ పోయించారు, గిర్నికి మళ్లీ అనుమతి దొరికింది. ఈసారి చూడటానికి వచ్చిన అధికారికి తెలుగు బాగా వచ్చు. ఆయన జనాన్ని పిలవనే లేదు. దొర మాట తప్పలేదు, పట్నంలో నాకు నౌకరి ఇప్పించాడు. ఏం నౌకరి అనుకున్నారు? పాత ఉర్దూ కాయితాలను తెలుగు చేసే పని. పింఛను వచ్చేవరకు అదే చేశాను. నా తర్జుమాలో తప్పు పట్టినవాళ్లు లేరు.

సాయిలు ఊళ్లోనే ఉండిపోయాడు. వాళ్లకు మళ్లీ పిల్లలు పుట్టారు. నేను పోయినప్పుడల్లా కల్లు తెప్పించేవాడు. వయసు పైబడ్డాక ఒకసారి, తాగకుండానే, అడిగాడు.

"నాకు ఒక్కటి సమజ్ గాదురా. ఆ దినం మా అమ్మ మాట్లాడుతుంటె ఆ సాయెబు ఎంత మంచిగ ఇన్నడు. పెన్సిలు పట్టుకొని నిలవడ్డడు. అసొంటోడు ఎందుకు ఇడిసిపెట్టిండు? నేను కొట్టింది సరేనా?"

సాయిలు చూపు నా మీదే ఉంది. ఎన్నేళ్లుగా ఆ ప్రశ్నను మోశాడో. నేను ఒక్క మాటతో ఆ బరువును దించగలిగేవాణ్ణి. దించి, వాడి నెత్తిన ఇంకో బరువు పెట్టి ఉండేవాణ్ణి, తప్పు లేనివాణ్ణి కొట్టి చంపానని. వాడి మేలు కోరే చెప్పలేదని అనుకుందామా? వద్దు. ఇంక వద్దు. చెప్పలేదు, భయపడి చెప్పలేదు. "పాత సంగతులు ఎందుకు" అన్నాను. పోయిన ఏడాది సాయిలు కన్నుమూశాడు.

దినాలు అయిపోయాక ఒకరోజు బుగ్గమ్మ దగ్గరికి పోయాను. ఆమె వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తూ ఉంది. ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పాను. కట్ట మీద ఏం చెప్పానో, సాహెబ్ ఇంటి ముందు ఏం చెప్పానో. ఆమె చేతులు ఆగలేదు. ఎక్కడా నన్ను ఆపి అడగలేదు.

"నా మొగడు బతికున్ననాడు ఎందుకు జెప్పలే?" అంది.

భయమైంది అన్నాను.

"నా బిడ్డకు పేరు గూడ పెట్టలేదు అప్పటికి" అంది. నా వైపు చూడలేదు. "మేమందరం ఆ సాయెబును తిట్టుకుంటనే బతికినం. నా మొగడు తిట్టుకుంటనే సచ్చిండు. నాతోని జెప్పి ఏం లాభం? మందికి జెప్పు. ఇంక మా ఇంటికి రాకు."

లేచి వచ్చేశాను. క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు, ఆమె దగ్గర ఇచ్చేందుకూ ఏమీ లేదు.

అందుకే ఇది రాస్తున్నాను. నా పేరు పెట్టలేదని మీరు గమనించే ఉంటారు. అంతవరకు ఇంకా పిరికివాణ్ణే. సాహెబ్ పిల్లలు, మనుమలు ఎక్కడున్నారో తెలియదు. పట్నంలో వెతికాను, ఆలస్యంగా వెతికాను, దొరకలేదు. వాళ్లింట్లో కూడా ఆయన గురించి ఏదో ఒక మాట మిగిలే ఉంటుంది. సరిగా చూడక కట్ట తెంపి జనాన్ని చంపాడని నలుగురూ అన్న మాటే మిగిలిందో ఏమో. ఇది ఎప్పుడైనా వాళ్ల కంట పడితే చదువుకోవాలని తేటగా రాస్తున్నాను.

ఆయన సరిగానే చూశాడు. సరిగానే అడిగాడు. లచ్చమ్మ కూడా సరిగానే చెప్పింది. నడుమ నిలబడి చెడగొట్టినవాణ్ణి నేను.